నష్టం కింద రాశారు

ఓలేటి కామేశు ఫోను పట్టుకుని
అమలాపురంలో మా ఆఫీసు మెట్లెక్కింది
మార్చి ముప్పయ్యో తారీఖున.
ఆడిటరు గారి బల్ల మీద ఫైళ్లు, నా బల్ల మీద ఫైళ్లు,
వచ్చినవాళ్లు కూర్చునే కుర్చీల్లో ఫైళ్లు.
నిలబడే అడిగాడు:
"నా బొమ్మ ఎక్కడికి పోయిందండీ?"

మూడేళ్ల కిందట ముక్తేశ్వరం రేవులో
హైదరాబాదు వాళ్లొచ్చి సిరీసు తీశారు.
ఎనిమిది భాగాలు. నాలుగో భాగం, ఇరవై మూడో నిమిషం,
ఇన్‌స్పెక్టరు వేషగాణ్ణి నావలో కూర్చోబెట్టుకుని
గడ వేస్తూ కామేశంటాడు:
"ఆ ఒడ్డున ఎవరూ లేరండి."
అంతే. ఆ ముక్కకి పదకొండు టేకులు,
పదిహేను వందలు, ఒక బిర్యానీ పొట్లం.
మొదట 'అండి' తీసెయ్యమన్నారట.
తీస్తే నోరు తిరగలేదు. ఉంచేశారు.

ఇప్పుడా పేరు కొడితే
తెల్ల సున్నా ఒకటి గిర్రున తిరిగి తిరిగి
అందుబాటులో లేదంటోంది.

"చందా కట్టేనండి."
కట్టాడు. మెసేజి చూపించాడు, నూట నలభై తొమ్మిది.
"ఎవరికైనా అమ్మేసేరా?" లేదు.
"కేసు పడిందా?" లేదు.
"మరి వాళ్లదే కదండీ, వాళ్లే తీయించేరు కదా?"
అదేనయ్యా కామేశూ.
అద్దెకి తెచ్చిందైతే తిరిగిచ్చేవాళ్లు.
సొంతం కనక పూడ్చేశారు.

నాకొచ్చిన భాషలో చెప్పాను.
తీయడానికైన ఖర్చు పుస్తకాల్లో ఆస్తిగా ఉంటుంది.
చూసేవాళ్లు పల్చబడ్డారు. ఉంచితే
ఏడాదేడాదికీ ఎవరికో వాటా, ఎక్కడో అద్దె.
తీసేసి, ఇంక దీనికి విలువ లేదని రాసేస్తే
మొత్తం నష్టం. నష్టం మేరకు లాభం తగ్గుద్ది,
లాభం తగ్గితే పన్ను తగ్గుద్ది.
ఎక్కడో ఏసీ గదిలో నాలాంటి గుమాస్తా ఎవడో
నెలాఖరున ఒక గడిలో సున్నా చుట్టుంటాడు.
ఇది చెబుతుంటే నా చేతిలో పెన్నుంది.
కింద పెట్టాను.

అతను కాసేపు ఫ్యాను వంక చూసి
చొక్కా లోపల్నించి పాలిథిన్ కవరు తీశాడు.
పాసు పుస్తకం. చినమినపలంక, ఎకరం ఇరవై సెంట్లు.
ఆ లంక నాకు తెలుసు. అంటే, తెలిసేది.
గౌతమి రెండు వరదల్లో కోసుకుపోయింది,
దొండ పందిళ్లు, పంపు షెడ్డు,
సిరీసులో శవం దొరికిన రెల్లు దుబ్బుతో సహా.

"దీన్ని నష్టం కింద రాయమని
రెండేళ్లై తిరుగుతున్నానండి ఎమ్మార్వో ఆఫీసుకి.
రికార్డులో భూమి ఉందంటారు.
హద్దురాళ్లు చూపించమంటారు. ఏట్లో దిగి చూపించనా?
ఉన్నదాన్ని లేదని రాసుకోడానికి వాళ్లకి ఒక రోజు.
లేనిదాన్ని లేదని రాయడానికి
ఏవిటండీ నాకింత తిప్పట?"

ఎన్నో సెక్షన్లు కంఠతా వచ్చు నాకు.
ఒక్కటీ పైకి రాలేదు.

వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగాడు.
"నా మొహం కోసం కాదండి.
నేనా ముక్క అంటుంటే వెనకాల మా పందిరి కనపడేది.
ఎండకి, ఆకుపచ్చగా.
రాత్రిళ్లు అక్కడ ఆపి చూసేవోణ్ణి."

ఏప్రిల్లో కోటిపల్లి పనిమీద వెళ్తూ అతని నావే ఎక్కాను.
ఇప్పుడు ఇంజను పెట్టాడు. లంక ఉండే చోట ఆపేశాడు, ఎందుకో.
అడుగునున్న గడ తీసి నీళ్లలోకి దించాడు.
చెయ్యి మునిగేదాకా దిగింది. నేల తగల్లేదు.
మోటారు సైకిలు కుర్రాడు టైమవుతోందన్నాడు.

"ఆ ముక్క ఒకసారి అను కామేశూ," అన్నాను.
"కెమేరా లేకుండా ఎలాగండీ,"
అని నవ్వి, గడ విదిల్చి లోపల పెట్టి
ఇంజను తాడు లాగాడు.
మూడోసారికి అందుకుంది.